వలంద వనితల చెర



ఈ టపాకు మూలం పాతికేళ్ళ క్రిందటి ఒక బాకీ. నేను తెలుగు పండితుడిగా పనిచేస్తున్న రోజుల్లో, సాంఘికశాస్త్రం చెప్పే మాష్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ గంటకు నన్ను తరగతికి పంపుతుండేవారు. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో రెండవ ప్రపంచయుద్ధం పాఠం నడుస్తోంది. తారీకులూ సంధులూ చెప్పే అధికారం నాకు లేదు కనుక (నాకు తెలిసిన సంధులు వేరు) కథ చెప్పాను. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక వ్యాపార భవనం వెనుకభాగంలో రెండేళ్ళపాటు దాక్కొని దినచర్య వ్రాసుకున్న ఆన్ ఫ్రాంక్ అనే బాలిక కథ. పిల్లలు కదలకుండా విన్నారు. అంతా అయ్యాక ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మాష్టారూ, వాళ్ళకి కూరగాయలూ పుస్తకాలూ మోసుకెళ్ళిన ఆవిడని కూడా పట్టుకుపోయారాండీ?"

నాకు తెలియదు. "చదివి చెబుతానమ్మా" అన్నాను. ఆ సంవత్సరం చెప్పలేదు. మరుసటి ఏడు ఆ పిల్ల పదవ తరగతి ముగించుకొని వెళ్ళిపోయింది. ఉద్యోగ విరమణ తరువాత పాత బాకీలు ఒక్కొక్కటే తీర్చుకుంటున్నాను. ఇది అందులో ఒకటి.

ఆమె అడిగినంత వరకు జవాబు చిన్నదే. కూరగాయలు మోసిన ఆవిడ పేరు మీప్ గీస్. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి దాక్కున్న ఎనిమిది మందితో పాటు సాయం చేసిన ఇద్దరు పురుషులను తీసుకుపోయారు. మీప్‌ను వదిలివేశారు. ఆమె ఆ దినచర్య కాగితాలను ఏరి భద్రపరచింది. నూరేళ్ళు బ్రతికి 2010లో కన్నుమూసింది. కాని ఆ పిల్ల ప్రశ్న కడుపులో మరొక ప్రశ్న ఉన్నది. అటువంటి పనే చేసి పట్టుబడిన ఆడవాళ్ళ మాటేమిటి? వెదకడం మొదలుపెట్టాక తెలిసింది, వాళ్ళు ఒకరిద్దరు కాదని.

* * *

నేను పుట్టి పెరిగింది బందరు పరిసరాలలో. డచ్చివారు మాకు పరాయివారు కారు. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే వారు బందరులో కోఠీ పెట్టి మన అద్దకం బట్టలు కొన్నారు. హాలండు అన్న పేరు మనవాళ్ళ నోట నలిగి 'వలంద' అయింది. ఊళ్ళో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. వాళ్ళ సమాధుల తోట ఉంది. చిన్నప్పుడు ఆ సమాధుల మీది అక్షరాలు చదవలేక, వేలితో తడిమి చూసేవాళ్ళం. కనుక ఈ వ్యాసంలో వారిని నేను వలందులనే పిలుస్తాను. పండిత ప్రకర్ష అనుకోకండి. అది మా ఊరి మాట.

ఇక ఇంకొక మాట గూర్చి చెప్పాలి. 'చెర'. మన భాషలో ఆడది, చెర అన్న రెండు మాటలూ ఒక వాక్యంలో పడితే మొదట మెదిలేది అశోకవనం. 'చెరపట్టాడు', 'చెర విడిపించాడు'. వ్యాకరణం చెప్పిన అలవాటున అంటున్నాను, ఈ రెండు వాక్యాలలోనూ కర్త వేరొకడు, స్త్రీ కేవలం కర్మ. పట్టేవాడూ మగవాడే, విడిపించేవాడూ మగవాడే. సీతమ్మవారు రావణునికీ తనకూ నడుమ గడ్డిపోచ ఒకటి అడ్డముంచి బదులు చెప్పిందన్న సంగతి మనకు తెలిసీ, ఆమెను కర్తగా తలచుకోవడం తక్కువ. వలంద దేశపు ఆడవారి విషయంలోనూ వారి చరిత్ర చాలాకాలం ఇదే వ్యాకరణం పాటించింది. చిత్రమేమంటే, వాళ్ళను కర్తలుగా మొదట గుర్తించింది వాళ్ళను చెరపట్టిన శత్రువే. ఈ టపాలో నేను చెప్పదలచినది ఇంతే. తక్కినదంతా దానికి సాక్ష్యం.

* * *

1940 మే 10న జర్మనీ సేనలు నెదర్లాండ్స్‌లో ప్రవేశించాయి. 14న రాటర్‌డామ్ నగరం నడిబొడ్డును విమానాలు బూడిద చేశాయి. 15న ఆ దేశపు సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది. రాణి విల్హెల్మినా అప్పటికే లండను చేరింది. హిట్లరు తన ప్రతినిధిగా సైస్ ఇన్‌క్వార్ట్ అనే ఆస్ట్రియా దేశీయుని నియమించాడు. అప్పటినుండి 1945 మే 5 వరకు ఐదేళ్ళు ఆక్రమణ.

వలందులందరూ వీరులని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది అబద్ధం. ఎక్కువమంది తలవంచుకొని బ్రతికారు. గుమాస్తాలు జాబితాలు వ్రాశారు, పోలీసులు తలుపులు తట్టారు, రైళ్ళు వేళకు నడిచాయి. ఆ దేశంలో ఉన్న సుమారు 1,40,000 మంది యూదులలో లక్ష పైచిలుకు హతులయ్యారు. పశ్చిమ ఐరోపాలో మరే దేశంలోనూ ఇంత నిష్పత్తి లేదు. ఈ చీకటిని చెప్పుకోకుండా దీపాల సంగతి చెబితే ఆ దీపాల విలువ తెలియదు.

ప్రతిఘటన అనగానే మనకు తుపాకులూ, పేలిన వంతెనలూ గుర్తుకు వస్తాయి. అవీ ఉన్నాయి. కాని ఆ దేశంలో కొండలు లేవు, అడవులు లేవు, గెరిల్లా దళం దాగేందుకు చోటు లేదు. అరచేయివంటి నేల. అక్కడ ప్రతిఘటన అంటే ముఖ్యంగా మనుషులను దాచడం. దాగినవాడికి తిండి కావాలి. తిండికి రేషను కార్డు కావాలి. కార్డు కావాలంటే ఉన్న పేరుతో వీలులేదు, దొంగ గుర్తింపుపత్రం కావాలి. ఆ పత్రాన్ని ఒక ఊరినుండి మరొక ఊరికి మోయడానికి మనిషి కావాలి. పురుషులు వీధిలోకి వస్తే జర్మనీ కర్మాగారాలలో వెట్టికి పట్టుకుపోయే కాలమది. కనుక సైకిలెక్కినది ఆడవాళ్ళు. సంచిలో ఉర్లగడ్డలు, వాటి క్రింద కార్డులు. తోపుడుబండిలో పసిపాప, పాప పరుపు క్రింద రహస్య పత్రికలు.

అటువంటి రహస్య పత్రికలు ఆ ఐదేళ్ళలో వెయ్యికి పైగా పేర్లతో వెలువడ్డాయట! ట్రౌ, హెట్ పారోల్ అనేవి ఆనాడు చీకట్లో పుట్టి ఇప్పటికీ దినపత్రికలుగా నడుస్తున్నాయి.

దాచే పనికి దేశవ్యాప్తమైన ఒక వ్యవస్థను ఏర్పరచిన వ్యక్తి ఎవరనుకున్నారు? వింటర్స్‌వైక్ అనే సరిహద్దు ఊళ్ళో ఐదుగురు బిడ్డల తల్లి. పేరు హెలీనా కైపర్స్ రీట్‌బెర్గ్. అందరూ 'టాంటె రీక్' అనేవారు, మన మాటలో రీక్ పిన్ని. తమ చర్చికి చెందిన మహిళా సంఘాలలో ఆమె ముఖ్యురాలు. ఏ ఊళ్ళో ఏ ఇల్లాలు నోరు కట్టుకోగలదో, ఎవరింట్లో ఒక గది ఖాళీగా ఉందో ఆమెకు తెలుసు. 1942 చివర ఆమె స్లాంప్ అనే మతబోధకుని పిలిచి, ఊరూరా తిరిగి ఈ పని కట్టమని చెప్పింది. ఆయన జంకాడు. ఒక్క ప్రాణం పోయినా వేలమంది కుర్రవాళ్ళు బ్రతుకుతారు కదా అన్న భావం వచ్చేలా ఆమె నచ్చజెప్పింది. ఆయన కదిలాడు. ఆ సంస్థ వేలకు వేల మందిని దాచింది. పేరు మాత్రం చాలాకాలం ఆయనకే ఎక్కువ దక్కింది. ఆమె 1944 ఆగస్టులో భర్తతో సహా పట్టుబడింది. నేరమంతా తనదేనని చెప్పి భర్తను విడిపించుకుంది. ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో మరణించింది.

నా వ్యాకరణం సంగతి మళ్ళీ చెబుతాను, క్షమించండి. 'భర్తను విడిపించింది' అన్న వాక్యంలో కర్త ఎవరో చూడండి.

* * *

సముద్రపు ఒడ్డున హేగ్ నగరాన్ని ఆనుకొని స్ఖేవెనింగెన్ అనే చోటు ఉంది. అక్కడి కారాగారాన్ని జర్మనులు తమ పోలీసు జైలుగా మార్చుకున్నారు. 1940 నుండి 1944 వరకు 25,000 మందికి పైగా అందులో బందీలయ్యారు. వలంద రాజవంశం పేరు ఆరెంజ్. ప్రజలు ఆ జైలుకు 'ఆరెంజ్ హోటలు' అని పేరు పెట్టుకున్నారు. జైలుకు పోవడం అవమానం కాదు, రాణిగారి అతిథులుగా పోవడం అని ఆ పేరులోని ధ్వని. మన ఆలంకారికులు వింటే సంతోషించేవారు.

హార్లెమ్ పట్టణంలో గడియారాలు బాగుచేసే కోరీ టెన్ బోమ్ ఆ హోటలు అతిథులలో ఒకరు. ఆ దేశంలో గడియారాల పనికి లైసెన్సు పొందిన తొలి స్త్రీ ఆమె. అప్పటికి యాభై దాటిన అవివాహిత. అక్క బెట్సీ, వృద్ధుడైన తండ్రి, క్రింద దుకాణం, పైన ఇల్లు. పై అంతస్తులో కోరీ పడకగదిలో గోడకు ముందు మరొక ఇటుకగోడ కట్టించి, నడుమ మనుషులు నిలబడేంత చోటు చేయించారు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు వచ్చినప్పుడు ఆరుగురు ఆ సందులోకి దూరారు. ఇల్లంతా వెదికినా దొరకలేదు. దొరికినది ఇంటివారు, ఆనాడు ఇంటికి వచ్చిపోయేవారు, వెరసి ముప్ఫై మంది దాకా. ఎనభైనాలుగేళ్ళ తండ్రి పది రోజులకే నిర్బంధంలో మరణించాడు.

కోరీని ఒంటరి కొట్టులో ఉంచారు. ఆ ఆరుగురు ఏమయ్యారో ఆమెకు తెలియదు. ఒకరోజు ఇంకొక అక్క వద్దనుండి ఉత్తరం వచ్చింది. చిరునామా చేవ్రాత ఎందుకో తపాలా బిళ్ళ వైపుకు వాలి ఉంది. కోరీ బిళ్ళను తడిపి ఊడదీసింది. దాని క్రింద సూక్ష్మాక్షరాలతో, అల్మరాలోని గడియారాలు భద్రంగా ఉన్నాయన్న కబురు. గడియారాలంటే ఎవరో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాను. తండ్రి పోయాడు, తాను చెరలో ఉంది, అక్క మరొక కొట్టులో ఉంది. ఆమెకు ఊరట కలిగించినది తన విడుదల వార్త కాదు, దాచినవాళ్ళు దొరకలేదన్న వార్త.

ఆ అక్కచెల్లెళ్ళను అక్కడినుండి వుఖ్ట్ శిబిరానికీ, ఆపైన జర్మనీలోని రావెన్స్‌బ్రూక్‌కూ తరలించారు. బెట్సీ 1944 డిసెంబరు 16న అక్కడే మరణించింది. కొద్ది రోజులకు కోరీని విడిచిపెట్టారు. అది గుమాస్తా పొరపాటని ఆమెకు తరువాత తెలిసింది. ఆమె వ్రాసుకున్న గ్రంథం 1971లో వెలువడి ప్రపంచమంతా చదివింది. 1983లో తన 91వ పుట్టినరోజు నాడే ఆమె మరణించింది.

* * *

వుఖ్ట్ సంగతి వేరుగా చెప్పాలి. దేశానికి దక్షిణాన ఉన్న ఈ నిర్బంధ శిబిరం 1943 జనవరి నుండి 1944 సెప్టెంబరు వరకు నడిచింది. సుమారు 31,000 మంది ఇందులో గడిపారు. రహస్య పత్రికలు మోసినవారు, పిల్లలను దాచినవారు, సమ్మెలకు పిలుపునిచ్చినవారు, దాదీలు, విద్యార్థినులు, ఇల్లాళ్ళు ఇక్కడ ఒకే కొట్టంలో చేరారు. కమ్యూనిస్టు ప్రక్కన క్రైస్తవ భక్తురాలు. బయట ఉంటే ఒకరి గడప ఒకరు త్రొక్కేవారు కారు.

1944 జనవరిలో జరిగినది ఇది. 23బి అనే కొట్టంలోని జర్మను స్త్రీ ఒకతె తోటివారి మాటలు అధికారులకు చేరవేస్తున్నదని తెలిసి, కొందరు ఆమె జడ కత్తిరించారు. చేసినది నేనేనని నాన్ ఫెర్‌స్టేఖెన్ అనే ఆమె ఒప్పుకోగా ఆమెను బంకరు అనే శిబిరపు జైలులో పెట్టారు. అప్పుడు తక్కిన ఆడవాళ్ళు, ఆమెతో పాటు మేమూ ఉన్నామని పేర్లు వ్రాసి ఇచ్చారు. శిబిరాధికారి గ్రూనెవాల్డ్‌కు ఇది భరింపరాని ధిక్కారమయింది. జనవరి 15 సాయంకాలం 74 మంది స్త్రీలను 115వ నంబరు కొట్టులోకి త్రోసి తలుపు వేయించాడు. ఆ కొట్టు వైశాల్యం సుమారు 9 చదరపు మీటర్లు. మన ఇళ్ళలో ఒక చిన్న వంటగది అంత. గాలికి దాదాపు దారి లేదు. మిగిలినవారిని మరొక కొట్టులో కుక్కారు.

తలుపు తెరచినది 14 గంటల తరువాత. పది మంది చనిపోయి ఉన్నారు.

ఆ కొట్టులోనుండి ప్రాణాలతో వచ్చిన టీనెకె గీలోనార్డ్ ఆనాటికి ఇరవై యేళ్ళ పడుచు. ఆమె తరువాతి జీవితంలో అధికభాగం ఆ శిబిరపు జ్ఞాపకాలను పోగుచేసి వ్రాయడంలో గడిపింది. వార్త గోడలు దాటి రహస్య పత్రికలకెక్కింది. జర్మను అధికారులకు అది తలవంపు అయింది. గ్రూనెవాల్డ్‌ను వారి న్యాయస్థానమే విచారించి మూడున్నరేళ్ళ శిక్ష వేసింది. జాలి కలిగి కాదు, అల్లరి అయిందని. నెల తిరగకుండా హిమ్లర్ క్షమించి అతనిని యుద్ధరంగానికి పంపాడు. అతడు 1945 జనవరిలో హంగరీలో మరణించాడు.

ఇక్కడ నా మనసు ఆగిన చోటు ఒకటి ఉంది. పది మంది మరణం ఎంత ఘోరమో చెప్పనక్కరలేదు. కాని దానికి ముందు జరిగినది చూడండి. ఒకామె మీద పడిన శిక్షను తమ మీద కూడా వేసుకొమ్మని అంతమంది తమంతట తాము పేర్లు ఇచ్చారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ కాగితం మీద సంతకం చేయకపోతే వాళ్ళకు ఏమీ అయ్యేది కాదు. బయట రహస్యంగా కార్డులు మోసిన చేతులే లోపల బాహాటంగా పేర్లు వ్రాసి ఇచ్చాయి.

* * *

ఇద్దరు విద్యార్థినుల కథ సాహిత్యప్రియులైన మిత్రులకు ప్రత్యేకంగా చెప్పవలసినది. హెట్టీ వూట్, గిజెలా జ్యోన్‌లైన్. 1942 వేసవిలో యూదులను రైళ్ళకెక్కించడం మొదలయినప్పుడు ఉట్రెక్ట్ నగరపు విద్యార్థులు పిల్లల సంఘం ఒకటి రహస్యంగా ఏర్పరచుకొని, తల్లిదండ్రులు అప్పగించిన పసివాళ్ళను పల్లెల్లో ఇళ్ళకు చేర్చసాగారు. ఆ సంఘం మూడువందలకు పైగా పిల్లలను దాచింది. ఒక్కొక్క పిల్లవానికి నెలనెలా పోషణకు సొమ్ము కావాలి. ఎక్కడినుండి?

ఒక పద్యం ఇచ్చింది! యాన్ కాంపెర్ట్ అనే కవి, 1941 మార్చిలో జర్మనులు కాల్చి చంపిన పద్ధెనిమిది మందిని గూర్చి ఒక పద్యం వ్రాశాడు. వాళ్ళు నేను పైన చెప్పిన ఆరెంజ్ హోటలు బందీలే. ఆ కవి కూడా పట్టుబడి 1943 జనవరిలో నిర్బంధ శిబిరంలో మరణించాడు. విద్యార్థులు ఆ పద్యాన్ని బొమ్మతో సహా ఒక పెద్ద కాగితంపై రహస్యంగా అచ్చువేసి అమ్మి, వచ్చిన సొమ్ముతో పిల్లలను పోషించారు. ఆ అచ్చు పనిలోనుండి పుట్టిన ప్రచురణ సంస్థ, 'పనిలో ఉన్న తేనెటీగ' అన్న అర్థం వచ్చే పేరుతో, నేటికీ ఆ దేశంలో పెద్ద సాహిత్య ప్రచురణ సంస్థలలో ఒకటి. కావ్యప్రయోజనాల జాబితా తరగతిలో ఎన్నిసార్లు వల్లె వేయించానో! యశస్సు, అర్థం, వ్యవహారజ్ఞానం... ఊరుపేరులేని పసివాడి నెల పాలఖర్చు అని ఏ ఆలంకారికుడూ చెప్పలేదు.

హెట్టీ, గిజెలా 1943లో పట్టుబడ్డారు. వుఖ్ట్‌లో కలుసుకొని, అక్కడ పాటలు కట్టి పాడారు. ఏడుపు పాటలు కావు, నవ్వు పాటలు. 1944 సెప్టెంబరు మొదటివారంలో మిత్రరాజ్యాల సేనలు దగ్గరకు వచ్చేసరికి జర్మనులు శిబిరాన్ని ఖాళీచేసి, ఆరువందలకు పైగా స్త్రీలను పశువుల పెట్టెలలో రావెన్స్‌బ్రూక్‌కు పంపారు. స్వాతంత్ర్యం కొన్ని మైళ్ళ దూరంలో ఉండగా రైలు ఎదురు దిక్కుకు సాగింది. వీరిద్దరూ ఆ రైలులో ఉన్నారు, ప్రాణాలతో తిరిగివచ్చారు.

ఆ రైలులో వెళ్ళినవారిలో రెండువందల మంది దాకా ఆ శరదృతువులో మ్యూనిక్ నగరానికి తరలింపబడ్డారు. కెమెరాలు చేసే ఆగ్ఫా కంపెనీ కర్మాగారంలో యుద్ధసామగ్రికి కావలసిన యంత్రభాగాలు చేయాలి. 1945 జనవరిలో వాళ్ళకిచ్చే చారు ఇక నీళ్ళతో సమానమయ్యేసరికి వాళ్ళు పని ఆపి కూర్చున్నారు. నాజీల నిర్బంధ శిబిరపు బందీలు, ఆడవాళ్ళు, సమ్మె చేశారు! నాయకురాలెవరని గద్దించి అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. చివరకు మేరీ ఫాదర్స్ అనే ఆమెను ఎంచి డాఖౌ శిబిరపు ఏకాంత కొట్టులో వారాల తరబడి పెట్టారు. ఆమె బ్రతికింది. తక్కినవారూ దాదాపు అందరూ బ్రతికారు. వుఖ్ట్ కొట్టులో ఊపిరాడక తోటివారు చనిపోయిన సంవత్సరం తిరగకముందే వాళ్ళు ఆ పని చేశారంటే, ఆ మరణాలు వాళ్ళకు భయం నేర్పలేదన్నమాట.

* * *

తుపాకి పట్టినవారు లేరా అంటే, ఉన్నారు. హానీ స్ఖాఫ్ట్ హార్లెమ్ వాస్తవ్యురాలు, ఉపాధ్యాయుని కుమార్తె, ఆమ్‌స్టర్‌డామ్‌లో న్యాయశాస్త్ర విద్యార్థిని. 1943లో ఆక్రమణ ప్రభుత్వానికి విధేయత ప్రకటించే పత్రంపై సంతకం చేయక చదువు మానింది. ట్రూస్, ఫ్రెడీ ఓవర్‌స్టేగెన్ అనే అక్కచెల్లెళ్ళతో కలిసి సాయుధ దళంలో పనిచేసింది. ద్రోహులనూ, జర్మను అధికారులనూ కాల్చిన చేతులు అవి. కాని సైస్ ఇన్‌క్వార్ట్ పిల్లలను ఎత్తుకురమ్మని పైనుండి వచ్చిన ఆజ్ఞను ఆ ముగ్గురూ నిరాకరించారు. పిల్లల జోలికి పోము అన్నారు. ఆయుధం పట్టినచోటనే ధర్మం ఎక్కువ అవసరమని ఇరవై యేళ్ళ పిల్లలకు తెలిసింది.

హానీది ఎర్రని జుట్టు. శత్రువులు ఆమె పేరు తెలియక ఎర్రజుట్టు పిల్ల కోసం వెదికేవారు. ఆమె నల్లరంగు వేసుకొని తిరిగింది. 1945 మార్చి 21న హార్లెమ్‌లో తనిఖీలో పట్టుబడింది. సంచిలో రహస్య పత్రికలు, ఒక పిస్తోలు. ఆమ్‌స్టర్‌డామ్ చెరసాలలో రోజులు గడిచేకొద్దీ రంగు వెలిసి కుదుళ్ళలో ఎరుపు బయటపడింది. ఏప్రిల్ 17న సముద్రతీరపు ఇసుకదిబ్బలలో ఆమెను కాల్చివేశారు. విమోచన మూడు వారాల దూరంలో ఉంది.

యుద్ధానంతరం ఆ దిబ్బలలోనే ప్రతిఘటన వీరుల గౌరవ శ్మశానవాటిక ఏర్పరచారు. 372 మంది సమాధులున్నాయి. అందులో స్త్రీ ఒకతె, హానీ. ఈ అంకె చూసి, చూశారా, ఒక్కతే స్త్రీ అని తీర్మానించేవారుంటారు. ఆ అంకె చెప్పేది వేరు. స్త్రీలను చాలావరకు ఇసుకదిబ్బలకు తీసుకుపోలేదు, దూరదేశపు శిబిరాలకు పంపారు. అక్కడ చనిపోయినవారికి సమాధులే లేవు. సమాధులు లెక్కపెట్టి వ్రాసిన చరిత్రలో వాళ్ళు ఎట్లా కనిపిస్తారు?

జర్మనీకి తీసుకుపోయి 1943 చివర కాల్చి చంపిన వలంద యువతులలో రైనా ప్రిన్సెన్ హేర్లిఖ్స్ ఒకతె. వయసు ఇరవై ఒకటి. రచయిత్రి కావాలని కలలు కన్న పిల్ల. తల్లిదండ్రులు ఆమెకు విగ్రహం పెట్టలేదు. ఇరవై నుండి ఇరవై అయిదేళ్ళ లోపు రచయితలకు ఆమె పేర ఒక బహుమతి నెలకొల్పారు. మొదటి బహుమతి 1947లో ఖెరార్డ్ రేవ్‌కు, 1951లో హారీ మూలిష్‌కు దక్కింది. ఆ ఇద్దరూ ఆ తరువాత ఆ భాషలో మహారచయితలయ్యారు. కూతురు వ్రాయలేకపోయిన పుస్తకాలను ఇతరుల బిడ్డలచేత వ్రాయించారు ఆ తల్లిదండ్రులు.

* * *

తిరిగివచ్చినవారి సంగతి కొద్దిగా చెప్పి ముగిస్తాను. 1945 ఏప్రిల్‌లో స్వీడన్ రెడ్‌క్రాస్ వారి తెల్ల బస్సులు రావెన్స్‌బ్రూక్ నుండి కొందరు వలంద స్త్రీలను తీసుకువచ్చాయి. ఇంటికి చేరితే, దేశం ఆకలితో చచ్చి బ్రతికి ఉంది. ఎవరి కథ వారికే ఎక్కువయింది. మగవాడు చేసినది ప్రతిఘటన అనీ, ఆడది చేసినది సాయం అనీ పేర్లు పడ్డాయి. రొట్టె మోయడం సాయమట! కాని ఆ రొట్టె మోసినందుకు శత్రువు వేసిన శిక్ష మాత్రం సాయానికి వేసేది కాదు. వాళ్ళను పట్టుకొని రావెన్స్‌బ్రూక్‌కు పంపినవాడికి, ఈ ఆడవాళ్ళు లేకపోతే దాచే వ్యవస్థ కూలిపోతుందని బాగా తెలుసు. వాళ్ళ దేశస్థులకు తెలియడానికే కాలం పట్టింది.

హానీ కమ్యూనిస్టు దళంతో పనిచేసినందున 1951లో ఆమె సంస్మరణ సభనే నిషేధించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రావెన్స్‌బ్రూక్ స్త్రీల స్మారకం వెలసినది 1975లో. ట్రూస్, ఫ్రెడీలకు ప్రధానమంత్రి స్వయంగా పతకం అందించినది 2014లో, అంటే యుద్ధం ముగిసిన 69 ఏళ్ళకు. ట్రూస్ 2016లో, ఫ్రెడీ 2018లో వెళ్ళిపోయారు. ఆరెంజ్ హోటలు 2019లో జాతీయ స్మారకంగా తెరవబడింది.

బందరువాణ్ణి కనుక ఇంకొక మాట అనకుండా ఉండలేను. 1945 మేలో చెర విడిన ఆ దేశమే, అదే సంవత్సరం ఆగస్టులో ఇండోనీషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే ఒప్పుకోక సైన్యాన్ని పంపి 1949 వరకు పోరాడింది. అక్కడి హింసకు క్షమాపణ చెప్పడానికి దశాబ్దాలు పట్టింది. తాను పడిన చెర గుర్తున్నంతగా తాను కట్టిన చెర ఏ జాతికీ గుర్తుండదు. దీనివలన ఆ స్త్రీల గొప్పతనం తరగదు. వాళ్ళు దేశం కోసం కాదు, ఎదుట నిలిచిన మనిషి కోసం ఆ పని చేశారు. అందుకే అది దేశపు తప్పులకు అతీతంగా నిలిచింది.

ఆ తొమ్మిదవ తరగతి పిల్లకు ఇప్పుడు నలభై దగ్గర పడి ఉంటాయి. పిల్లల తల్లి అయి ఉంటుంది. ఎక్కడుందో తెలియదు. ఈ టపా ఆమె కంటపడితే ఇదీ నా జవాబు.

అమ్మా, నువ్వడిగిన ఆవిడను పట్టుకుపోలేదు. ఆమెవంటి వాళ్ళను ఎందరినో పట్టుకుపోయారు. పట్టుకుపోయిన చోట కూడా వాళ్ళు ఒకరికొకరు మోసుకుంటూనే ఉన్నారు, కూరగాయలు లేకపోతే పాటలు, పాటలు లేకపోతే శిక్షలు. ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకు.

ఇందులో పేర్ల ఉచ్చారణలో పొరపాట్లుంటే, ఆ భాష తెలిసిన మిత్రులు సరిదిద్దగలరు. స్వస్తి.